సర్కార్లు చేజారిన కథ: రెండవ నిజాం, నిజాం అలీ ఖాన్ జీవితం

పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లోని వృద్ధులు కోదాడ అవతలి ఊళ్లను ఇప్పటికీ నైజాం అనే పిలుస్తారు. పిల్లను నైజాంలో ఇచ్చామనీ, నైజాం నుంచి చుట్టాలు వచ్చారనీ మాట్లాడుకోవడం మనం వింటూనే ఉంటాం. ఇవతలి నేలకు సర్కారు అని పేరు. ఈ రెండు పేర్ల మధ్య గీత ఒక ఒడంబడికతో పడింది. అది 1766 నవంబరు 12న హైదరాబాదులో కుదిరింది. ఒకవైపు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ, రెండవవైపు నిజాం అలీ ఖాన్. అంతకు ముందు మునేటి ఒడ్డున ఉన్న ఈ ఊళ్లన్నీ కొండపల్లి సర్కారు కింద హైదరాబాదు సుబాలో భాగంగా ఉండేవి. కాగితాల్లో ఆ సర్కారు పేరు ముస్తఫానగర్.

ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చిన కొద్దిమంది వర్తకులు ఇన్ని కోటలూ, ఇంత జనమూ ఉన్న దేశాన్ని ఎలా ఏలగలిగారు? ఈ ప్రశ్నకు మన ఇళ్లలో రెండు జవాబులు వినపడతాయి. ఒకటి, గద్దారీ. మీర్ జాఫర్, మీర్ సాదిఖ్ పేర్లు పిల్లలకు కూడా తెలుసు. రెండవది, వారి వద్ద ఉన్న ఫిరంగులు, తుపాకులు. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ నిజాం అలీ ఖాన్ జీవితం చదివితే ఈ రెండు జవాబులూ చాలవని మాకు అనిపిస్తుంది. ఆయన గద్దారు కాదు. ఆయన దర్బారులో ఫిరంగులకు కొదవా లేదు. అయినా కోస్తా తీరమంతా ఆయన చేతి మీదుగానే పోయింది.

ఆయన మొదటి ఆసఫ్ జాహ్ నిజాముల్ ముల్క్ మీర్ ఖమ్రుద్దీన్ ఖాన్‌కు నాలుగవ కుమారుడు. 1734లో జన్మించారు. 1748లో తండ్రి బుర్హాన్‌పూర్‌లో కన్నుమూసే నాటికి ఆయనకు పద్నాలుగేళ్లు. ఆ మరణంతోనే వారసత్వపు గొడవ మొదలైంది. గద్దెనెక్కిన అన్న నాసిర్ జంగ్ 1750 డిసెంబరులో జింజీ వద్ద తన వెంట దండుకు వచ్చిన కడప నవాబు చేతిలోనే మరణించారు. ఫ్రెంచివారి సాయంతో గద్దెనెక్కిన మేనల్లుడు ముజఫ్ఫర్ జంగ్ రెండు నెలలైనా ఏలలేదు. రాయచోటి ప్రాంతంలో అదే పఠాను నవాబులతో జరిగిన పోరులో ఆయనా నేలకొరిగారు. వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆ శిబిరంలోనే పహరా మధ్య ఉన్న ముగ్గురు తమ్ముళ్లలో పెద్దవారైన సలాబత్ జంగ్‌ను బయటికి పిలిపించి నవాబును చేశాడు. పహరాలో మిగిలిన ఇద్దరు తమ్ముళ్లలో ఒకరు నిజాం అలీ. రాజ్యం ఎవరిదో ఒక పరాయి సేనాని గుడారంలో తేలిపోవడాన్ని ఆయన పదిహేడేళ్ల వయసులో కళ్లారా చూశారు.

బుస్సీ దండు ఎంత? మూడు వందల మంది ఫ్రెంచివారు, రెండు వేల మంది సిపాయిలు. ఆసఫ్ జాహీ అశ్వదళం ముందు అది పిడికెడు. కానీ ఆ పిడికెడు మంది రోజూ కవాతు చేసేవారు, వరుస చెదరకుండా కాల్చేవారు, అన్నిటికంటే ముఖ్యంగా నెలనెలా జీతం అడిగేవారు. 1753లో బుస్సీ జబ్బుపడి మచిలీపట్నంలో ఉన్నప్పుడు దివాను సయ్యద్ లష్కర్ ఖాన్ ఆ దండుకు జీతం అందకుండా చేశాడు. జీతం లేకపోతే దండు దానంతటదే చెదిరిపోతుందని ఆయన లెక్క. బుస్సీ ఆ లెక్కను వెంటనే గ్రహించాడు. హుటాహుటిన ఔరంగాబాదు వెళ్లి, ఇకపై ఖజానా దయ మీద ఆధారపడనని తేల్చి, జీతాల కోసం నేలనే రాయించుకున్నాడు. అలా కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు అనే నాలుగు సర్కార్లు ఫ్రెంచివారి పరమయ్యాయి. చికాకోలు అంటే నేటి శ్రీకాకుళం. ఆ సంవత్సరం నుంచి మన ఊళ్ల రైతు కట్టిన పన్ను ఔరంగాబాదులో ఉన్న ఫ్రెంచి దండుకు బత్తెం అయింది.

పాఠకులు ఈ సంగతిని కొంచెం జాగ్రత్తగా చూడాలని మా మనవి. ఇక్కడ ఫ్రెంచివారు కోట పడగొట్టి నేల తీసుకోలేదు. మన నవాబు తన సోదరుల నుంచి, మరాఠాల నుంచి తనను కాపాడుకోవడానికి దండును కుదుర్చుకున్నాడు. కూలి రొక్కంగా ఇవ్వలేక నేల ఇచ్చాడు. నేల ఇచ్చిన తర్వాత ఖజానా ఇంకా చిక్కిపోయింది. చిక్కిన ఖజానాతో సొంత దండును పోషించడం ఇంకా కష్టమైంది. అప్పుడు పరాయి దండు అవసరం ఇంకా పెరిగింది. తర్వాతి యాభై ఏళ్ల చరిత్ర అంతా ఈ గిరగిర తిరుగుడే.

నిజాం అలీ ఖాన్ యువకుడిగా ఫ్రెంచి పెత్తనానికి ఎదురు తిరిగినవారు. బీరారు సుబేదారీ చేతికి వచ్చాక ఆయన సొంత దండు కూర్చుకున్నారు. బుస్సీ వద్ద యుద్ధవిద్య నేర్చిన ఇబ్రాహీం ఖాన్ గార్దీ ఆయన కొలువులో చేరాడు. 1758 మేలో ఔరంగాబాదులో బుస్సీ దివాను హైదర్ జంగ్ నిజాం అలీ గుడారంలోనే హతుడయ్యాడు. అదే రోజు జరిగిన అల్లరిలో మాజీ మంత్రి షా నవాజ్ ఖాన్ ప్రాణం కూడా పోయింది. మొగలు అమీరుల జీవితాలను గ్రంథస్తం చేసిన పండితుడాయన. ఉర్దూ, ఫార్సీ చదివిన వారెవరైనా ఆయన పేరు చూసి తల వంచుతారు. నిజాం అలీ బుర్హాన్‌పూర్ వైపు తప్పించుకుపోయారు. ఆ చర్యను మేము సమర్థించలేము. కానీ ఆయన ఎవరి చేతి కీలుబొమ్మా కాదని మాత్రం దానితో తెలుస్తుంది.

అదే సంవత్సరం ఫ్రెంచి గవర్నరు లాలీ మద్రాసు మీద యుద్ధం కోసం బుస్సీని వెనక్కి పిలిపించాడు. ఆ అదను చూసి విజయనగరం ఆనంద గజపతి రాజు ఇంగ్లీషువారికి కబురు పంపారు. బెంగాలు నుంచి క్లైవు కర్నల్ ఫోర్డును పంపాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించి, మచిలీపట్నం ముట్టడికి వచ్చాడు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. ముట్టడి మధ్యలో ఫోర్డు తెల్ల సైనికులే జీతం డబ్బు, దోపిడీలో వాటా రాలేదని తిరగబడ్డారు. అంటే జీతం నిలిస్తే ఇంగ్లీషు సోల్జరూ మన సిపాయీ ఒకటే. కోట దొరికితే అందులోని సొత్తు వారికేనన్న ఆశ చూపి ఫోర్డు వారిని నిలబెట్టుకున్నాడు. 1759 ఏప్రిల్ 8 తెల్లవారేసరికి కోట అతని చేతికి వచ్చింది.

ఆ సమయంలో సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చి ఉన్నారు. ఫోర్డు దండు కన్నా ఆయన సైన్యం ఎన్నో రెట్లు పెద్దది. అయినా ముందుకు కదలలేదు. ఎందుకంటే వెనుక హైదరాబాదు వైపు తమ్ముడు నిజాం అలీ కదిలి వస్తున్నారు. అన్నకు ఇంగ్లీషువారి కన్నా తమ్ముడి భయమే ఎక్కువైంది. మే 14న మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలను ఇంగ్లీషువారికి రాసిచ్చి ఆయన హైదరాబాదుకు పరుగు తీశారు. మచిలీపట్నంలో ఇంగ్లీషువారు 1611 నుంచి ఉన్నారు. దాదాపు నూట యాభై ఏళ్లు అక్కడి ఫౌజుదారుకు నజరానాలిచ్చి, సలాములు కొట్టి గుడ్డల వ్యాపారం చేసుకున్నారు. వారి బుద్ధి, వారి నాగరికత మనకన్నా మిన్న అయితే ఆ నూట యాభై ఏళ్లలోనే అది బయటపడాలి కదా! వారు ఏలికలయింది అన్నదమ్ములు ఒకరికొకరు భయపడిన ఈ పదేళ్లలోనే.

మరుసటి ఏడు, 1760లో, ఉద్గీర్ వద్ద మరాఠాలు అన్నదమ్ములిద్దరినీ ఓడించారు. అప్పటికి ఇబ్రాహీం ఖాన్ గార్దీ కొలువు మారి మరాఠాల వద్ద చేరాడు. నిన్న నిజాం అలీకి కాపలా కాసిన ఫిరంగులే ఆ రోజు ఆయన మీద పేలాయి. దౌలతాబాద్, బీజాపూర్ వంటి ప్రాంతాలు పోయాయి. 1762లో నిజాం అలీ అన్నను బీదర్ కోటలో బంధించి గద్దెనెక్కారు. మరుసటి ఏడు సలాబత్ జంగ్ ఆ కోటలోనే మరణించారు. ఆ మరణం గురించి చరిత్రకారులు మంచిమాట రాయలేదు, మేమూ రాయబోము.

కొత్త నిజాం రాజధానిని ఔరంగాబాదు నుంచి హైదరాబాదుకు మార్చారు. ఇక సర్కార్ల సంగతి. 1765 ఆగస్టులో క్లైవు ఢిల్లీ పాదుషా షా ఆలం వద్ద బెంగాలు దివానీతో పాటు ఉత్తర సర్కార్లకూ ఫర్మానా రాయించుకున్నాడు. తన తలపై కప్పు కూడా సరిగా లేని పాదుషా, తన చేతిలో లేని నేలను, ఆ నేల నిజాముది అని తెలిసీ, వర్తకులకు దయచేశారు. 1766 మార్చిలో జనరల్ కాలియాడ్ కొండపల్లి కోటను పట్టుకున్నాడు. నిజాం అలీ ఆగ్రహించి కర్ణాటక మీదికి దండు కదిపారు. మద్రాసువారు భయపడి సంధికి వచ్చారు. నవంబరు ఒడంబడికలో గుంటూరుతో కలిపి అయిదు సర్కార్లకు ఏటా తొమ్మిది లక్షల పేష్కష్ అన్నారు. అవసరమైతే నిజాముకు దండు పంపుతామనీ ఒప్పుకున్నారు. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బ్రతికినంతకాలం ఆయనదే. మరుసటి ఏడు హైదర్ అలీతో కలిసి ఇంగ్లీషువారిపై ఒకసారి కత్తి దూసి, తిరువణ్ణామలై వద్ద ఓడి, 1768లో మరో సంధితో ఆ ఒప్పందాన్నే ఇంకొంత తక్కువ పేష్కష్‌కు ఖాయం చేశారు.

ఆ ఒడంబడికలో మన ప్రాంతానికి సంబంధించిన ఒక షరతు ఉంది. వజ్రాల గనులు, వాటికి చెందిన గ్రామాలు నిజాముకే ఉండాలన్నది ఆ షరతు. నందిగామ వద్ద పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని ఊళ్లు అలా నిజాముకు మిగిలాయి. చుట్టూ ఇంగ్లీషు రాజ్యం, మధ్యలో ఆ నాలుగు ఊళ్లు నైజాం. వజ్రం చేతిలో ఉంచుకుని వరిచేను వదిలేశారు. ఆ గనుల వైభవం ఏనాడో కుతుబ్‌షాహీల కాలంలోనే గడిచిపోయింది. వరిచేను మాత్రం ఏటా పండుతుంది, ఏటా శిస్తు ఇస్తుంది. కంపెనీ సిపాయికి జీతం వచ్చింది ఆ శిస్తు నుంచే.

ఆ సిపాయి ఎవరు? ఉర్దూలో తిలంగా అనే మాట ఉంది. ఇంగ్లీషు దుస్తుల్లోని సిపాయి అని దాని అర్థం. బెంగాలులో, అవధ్‌లో ఈ మాట వాడేవారు. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే తిలంగానా, అంటే తెలుగుదేశం. కంపెనీ కొలువులో మొదట కనిపించిన సిపాయిల్లో మనవారు ఎక్కువ కావడం చేత ఆ పేరు నిలిచిపోయింది. సిపాయి మనవాడు, అతని జీతానికి శిస్తు కట్టిన రైతు మనవాడు, లెక్క పుస్తకం ఒక్కటే వారిది. మా బలహీనత అంతా ఆ లెక్క పుస్తకం దగ్గర ఉంది.

నవాబు అప్పు చేస్తే అది ఆ మనిషి అప్పు. ఆయన మరణిస్తే కొడుకు తీరుస్తాడో, అన్నదమ్ములు ఎగ్గొడతారో తెలియదు. అందుకే హైదరాబాదు సాహుకార్లు హెచ్చు వడ్డీ అడిగేవారు. కంపెనీ 1600లో పుట్టింది. దానికి లండనులో వాటాదారులున్నారు, డైరెక్టర్లున్నారు. గవర్నరు మారినా, జనరల్ చచ్చినా కంపెనీ చావదు. అందుకే దానికి అప్పు సులభంగా పుట్టేది. ఒకచోట ఓడితే మరోచోటి డబ్బుతో లేచేది. ఫోర్డు దండు బెంగాలు నుంచి వచ్చిందంటే 1757 ప్లాసీ తర్వాత బెంగాలు ఖజానా వారి చేతిలో ఉండబట్టే. ఫ్రెంచి కంపెనీకి వెనుక అటువంటి డబ్బూ లేదు, సముద్రం మీద అంతటి నౌకాబలమూ లేదు. బుస్సీ ఇంగ్లీషు సేనానుల కంటే తక్కువవాడు కాదు, అయినా అతని జాతి ఓడింది. గద్దెకు నియమం, ఖజానాకు లెక్క, సిపాయికి నెల జీతం. ఈ మూడూ కలిసి మన వద్ద లేకపోయాయి. వారి వద్ద ఉన్నాయి. మతాన్నో రంగునో దీనికి కారణంగా చెప్పేవారితో మేము ఏకీభవించము.

నిజాం అలీ దీనిని గ్రహించలేదని కాదు. గ్రహించారు, ఇంగ్లీషువారికి తలవంచకుండా సొంతంగా కవాతు దండు నిర్మించాలని చూశారు. రేమండ్ అనే ఫ్రెంచివాణ్ణి కొలువులో పెట్టుకున్నారు. హైదరాబాదు అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని పిలిచే చోట, మనవారు తోప్ కా సాంచా అనే చోట, రేమండ్ ఫిరంగులు పోత పోయించాడు. జనం అతన్ని మూసా రాం చేశారు. మూసారాంబాగ్ పేరు అతనిదే. 1790ల చివరికి అతని దండు పద్నాలుగు వేలకు చేరింది.

1792లో మూడవ మైసూరు యుద్ధం ముగిసేసరికి నిజాం ఇంగ్లీషువారితో, మరాఠాలతో కలిసి టిపూ సుల్తాన్ నుంచి కడప ప్రాంతాన్ని పొందారు. అంతకు ముందు టిపూ వియ్యం కలుపుకుందామని కబురు చేశారనీ, వంశగౌరవం పేరుతో హైదరాబాదు ఒప్పుకోలేదనీ చరిత్రకారులు రాశారు. ఆ మాట చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. 1795లో మరాఠాలు ఖర్దా వద్ద నిజామును చుట్టుముట్టినప్పుడు ఏ మిత్రుడూ రాలేదు. ఇంగ్లీషు గవర్నర్ జనరల్ షోర్ తమకు సంబంధం లేదన్నాడు. హైదరాబాదులో నిజాం డబ్బుతో తిరుగుతున్న ఇంగ్లీషు పటాలాలు ఆ యుద్ధంలో కదలలేదు. మూడు కోట్ల రూపాయల పరిహారం, దౌలతాబాదు కోట, చివరికి మంత్రి అరస్తూ జాహ్‌ను కూడా పూనాకు బందీగా అప్పగించాల్సి వచ్చింది. ఆ ఏడే పెద్ద కొడుకు ఆలీ జాహ్ తిరగబడ్డాడు. తాతల నాటి గొడవ మళ్లీ ఇంట్లోకి వచ్చింది. రేమండ్ వెళ్లి ఆ తిరుగుబాటును అణచాడు.

1798 మార్చిలో రేమండ్ మరణించాడు. అప్పటికి నిజాముకు అరవై నాలుగేళ్లు, దేహం పక్షవాతంతో దెబ్బతిన్నది. వెల్లస్లీ కొత్తగా గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. సెప్టెంబరు 1న కొత్త ఒడంబడిక. ఇంగ్లీషు పటాలాలు ఆరు హైదరాబాదులో ఉంటాయి, వాటికి నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి, ఫ్రెంచి దండును రద్దు చేయాలి. పద్నాలుగు వేల మంది ఉన్న దండు, సొంత ఫిరంగులున్న దండు, ఒక్క తూటా కాల్చకుండా ఎలా రద్దయింది? అక్టోబరులో ఆ సిపాయిలు జీతం బకాయిల కోసం తమ అధికారులనే నిర్బంధించారు. 22వ తేదీన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, అతని వెంట మాల్కం, ఇంగ్లీషు పటాలాలను చుట్టూ నిలిపి ఆయుధాలు కింద పెడితే బాకీ జీతం ఇస్తామన్నారు. సాయంత్రానికి అంతా ముగిసింది. లష్కర్ ఖాన్ 1753లో బుస్సీ మీద ప్రయోగించిన ఉపాయం నలభై అయిదేళ్ల తర్వాత ఆ రాజ్యం మీదికే తిరిగి వచ్చింది.

మరుసటి ఏడు మేలో శ్రీరంగపట్నం పడిపోయింది. టిపూ సుల్తాన్ కోటలోనే షహీద్ అయ్యారు. ఆ యుద్ధంలో హైదరాబాదు దండు మీర్ ఆలం వెంట ఇంగ్లీషువారి పక్కన నిలిచింది. వాటాగా నిజాముకు గుత్తి, గుర్రంకొండ వంటి ప్రాంతాలు వచ్చాయి. వచ్చిన నేల ఎంతకాలం నిలిచింది? 1800 అక్టోబరు 12న ఇంగ్లీషు పటాలాలు ఎనిమిదికి పెరిగాయి. వాటి ఖర్చు కోసం 1792లో, 1799లో మైసూరు నుంచి వచ్చిన నేలనంతా కంపెనీకి రాసిచ్చారు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలకు దత్త మండలాలు అన్న పేరు అలా వచ్చింది. 1753లో అన్న బుస్సీకి చేసినదే 1800లో తమ్ముడు కంపెనీకి చేశారు.

ఇవన్నీ చూసి ఆయన్ను నిందించడం సులభం. కానీ ఆయన సంగతి న్యాయంగా చూడాలి. మరాఠాలు, హైదర్, టిపూ, ఇంగ్లీషువారు నలువైపులా ఉన్నారు. ఆ నలభై ఒక్క ఏళ్లలో మైసూరు పడిపోయింది. ఆయన కన్నుమూసేనాటికి పీష్వా సొంత రాజధానికి ఇంగ్లీషు పటాలాల నీడన తిరిగి చేరుకున్నాడు. హైదరాబాదు మాత్రం రాజ్యంగా మిగిలింది. ఇంగ్లీషువారితో కలవకపోతే ఆ గద్దె కూడా మిగిలేది కాదని వాదించేవారితో మేము పూర్తిగా విభేదించలేము. మిగిలిన దాని కోసం ఏమి చెల్లించారన్నదే లెక్క.

నిజాం అలీ ఖాన్ 1803 ఆగస్టు 6న హైదరాబాదులో మరణించారు. మక్కా మస్జిద్ ఆవరణలోని ఆసఫ్ జాహీ సమాధుల వరుసలో ఆయన సమాధి ఉంది. జుమా నమాజుకు వెళ్లినవారు చాలామంది ఏ సమాధి ఎవరిదో గమనించకుండానే దాటిపోతారు.

ఆయన కొడుకు సికందర్ జాహ్ కాలంలో ఇంగ్లీషు అధికారుల కింది దండు జీతాల కోసం నిజాం సర్కారు హైదరాబాదులోని పామర్ కంపెనీ వద్ద అప్పులు చేసింది. ఆ అప్పు తీరే దారి లేకపోయింది. 1823లో కంపెనీ ఒక ఉపాయం చెప్పింది. ఉత్తర సర్కార్ల కోసం ఏటా ఇస్తున్న ఏడు లక్షల పేష్కష్‌ను ఒకేసారి లెక్కకట్టి ఇచ్చేస్తామంది. మొత్తం 1,16,66,666 రూపాయలు. ఆ డబ్బు నిజాం ఖజానాకు చేరలేదు, పామర్ అప్పుకు జమ అయింది. కొండపల్లి నుంచి చికాకోలు దాకా ఉన్న నేలపై హైదరాబాదుకు మిగిలిన ఆఖరి హక్కు ఆ జమతో తీరిపోయింది. నందిగామ పక్కన పరిటాల ఊళ్లు మాత్రం 1948లో నిజాం రాజ్యం అంతమయ్యేదాకా నైజాంగానే ఉన్నాయి.